అక్కాచెల్లెళ్ల పందెం

నాకు నచ్చిన క్రీడాకారిణి ఫ్రాన్సు దేశపు మారియెల్ గోయ్‌చెల్. స్లాలమ్ పందెంలో మంచు కొండవాలుపై నాటిన కర్రల నడుమ మలుపులు తిరుగుతూ స్కీలపై వేగంగా దిగాలి. 1964 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో ఆ పందెంలో ఆమె అక్క క్రిస్టీన్‌కు స్వర్ణం, మారియెల్‌కు రజతం లభించాయి. రెండు రోజుల తరువాత జరిగిన జెయింట్ స్లాలమ్‌లో చెల్లెలు స్వర్ణం గెలిచింది. అక్క మరొకరితో సమానంగా రజతం పొందింది. 1968లో గ్రెనోబుల్‌లో మారియెల్ స్లాలమ్ స్వర్ణాన్ని కూడా సాధించింది.

నాకూ ఒక అక్క ఉంది. పద్యాల పోటీలో ప్రథమ బహుమతి ఎప్పుడూ ఆమెదే. అందరూ చప్పట్లు కొట్టేటప్పుడు నాకు సంతోషంతో పాటు కొంచెం బాధ కూడా కలుగుతుంది. మారియెల్‌కు గట్టి పోటీ తన ఇంటిలోనే దొరికింది. నాకు కూడా దొరికింది. అందుకే ఈసారి అక్కతో కలిసి అభ్యాసం చేస్తున్నాను.