కాగ్నా వెంట ఇంటి వేట

అనంతగిరి గుట్టల మీద పడ్డ వాన రెండు దిక్కులకు పోతుంది. తూర్పు వాలున పడ్డ నీళ్ళు మూసీ అయి, హైదరాబాద్ మీదుగా సాగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. పడమటి వాలున పడ్డవి కాగ్నా అయి తాండూరు దాటి కర్ణాటకలోకి దిగి, భీమాలో కలిసి, ఆ భీమాతో పాటు మళ్ళీ కృష్ణనే చేరతాయి. మూసీకి ఉద్యమాలున్నాయి, ప్రాజెక్టులున్నాయి, అసెంబ్లీలో చర్చలున్నాయి. కాగ్నా గురించి మాట్లాడేది దాని నీళ్ళు తాగేవాళ్ళే.

మా తమ్ముడు ఇల్లు కొంటానన్నప్పుడు ఈ నది గుర్తుకు రావడానికి కారణం ఉంది. వాడి కొలువు తాండూరులో. మరదలు పాఠం చెప్పే బడి వికారాబాద్ పక్కన. అమ్మానాన్నలుండేది కరణ్‌కోటలో. ఈ మూడు ఊళ్ళనూ కలుపుతూ గీత గీస్తే అది సగానికి పైగా కాగ్నా లోయలోనే పడుతుంది. బ్రోకర్లు మనల్ని రోడ్డు వెంట తిప్పుతారు. రోడ్డు నుంచి చూస్తే ప్రతి వెంచరూ ఒకేలా ఉంటుంది: కమాను, రంగు జెండాలు, సున్నం గీతలు. నది వెంట దిగుతూ చూస్తే మాత్రం ఏ ఊరికి పైనుంచి ఏం వస్తున్నదో తెలుస్తుంది. ఇంటికి నీళ్ళూ దుమ్మూ వచ్చేది పైనుంచే. వరదా, మురుగూ, కాగితాల చిక్కులూ అంతే. అందుకే ప్లాటును చూసే ముందు దాని ఎగువను చూడాలని నేను పట్టుబట్టాను. అమ్మ ఇంకా సూటిగా చెప్పింది: "ముందు నీళ్ళు చూడుండ్రి బిడ్డా, గోడలెప్పుడైనా కట్టొచ్చు."

వికారాబాద్‌కు పేరు పైగా వంశపు నవాబు వికార్-ఉల్-ఉమ్రా నుంచి వచ్చింది. ఇక్కడి గాలి మంచిదని నిజాం కాలంలోనే గుట్ట మీద క్షయ రోగులకు ఆసుపత్రి కట్టారు. ఊరి చుట్టూ ఎర్ర నేల. పునాది తీస్తే ఎక్కువ లోతు పోకుండానే గట్టి మొరం తగులుతుంది, మేస్త్రీలకు ఇష్టమైన నేల. రైలు జంక్షను కాబట్టి ఒక లైను వాడి జంక్షను వైపు, ఇంకొకటి బీదరు మీదుగా పర్లి వైజనాథ్ వైపు పోతాయి. 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటు వచ్చింది, తర్వాత మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. నీళ్ళు, గాలి, నేల చూసుకుంటే మా జాబితాలో మొదటి స్థానం దీనిదే.

చిక్కంతా కాగితాల్లో ఉంది. హైదరాబాద్ నుంచి వారాంతాల్లో వచ్చేవాళ్ళ కోసం ఇక్కడ భూమిని గుంటల్లో అమ్ముతున్నారు. గుంట అంటే 121 గజాలు, నలభై గుంటలైతే ఎకరం. 'ఫామ్ ప్లాటు' అని పేరు పెట్టి, సాగు భూమిగానే రిజిస్టరు చేసి చేతిలో పెడతారు. అందులో ఇల్లు కట్టాలంటే ముందు నాలా మార్పిడి, అంటే సాగు భూమిని సాగేతరంగా మార్చుకోవడం, కావాలి, లేఅవుట్‌కు అనుమతి ఉండాలి, ఆ తర్వాతే ఇంటి పర్మిషను. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లను ప్రభుత్వం 2020 ఆగస్టు 26న ఆపింది. అంతకు ముందు రిజిస్టరైన వాటికి ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ) దారి మిగిలింది. మాకు గుట్టను చూపించినవాళ్ళు చాలామంది, లింకు డాక్యుమెంట్లు చూపించినవాళ్ళు తక్కువ. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వెనక్కి వెనక్కి చదువుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అని తేలవచ్చు. 1977 చట్టం కింద అలాంటి భూమి అమ్మకమే నిషిద్ధం. ఇటీవలి పాసు పుస్తకం, ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ ధరణిలోనో ఇప్పటి భూభారతిలోనో కనిపించే పేరు, ఇవి మాత్రమే చూసి అడ్వాన్సు ఇచ్చేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ముప్ఫై ఏళ్ళకు తీయించాలి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు ఒకసారి, తహసీల్దారు ఆఫీసుకు ఒకసారి మనమే నడవాలి.

పూడూరు మండలంలోని దామగుండం మాట కూడా ఇక్కడ చెప్పాలి. జలాంతర్గాములతో సంబంధం నిలిపే నౌకాదళ కేంద్రానికి అక్కడి అడవిలో 2,900 ఎకరాలు కేటాయించి, 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన చేశారు. దేశ రక్షణ అవసరమే. కానీ మూసీ పుట్టే చోటుకు అంత దగ్గర్లో అడవి తగ్గితే ఆ లెక్క చుట్టుపక్కల బావులకు తెలుస్తుంది. "రాడార్ దగ్గర, రేటు పెరుగుతది" అని అదే అడవిని చూపి ప్లాట్లు అమ్మేవాళ్ళను చూసి మరదలు అక్కడి నుంచి వెనక్కి తిరిగింది. ఆమె చేసింది సరైన పనే అనుకుంటాను.

వికారాబాద్ నుంచి దిగువకు రైలు దారి 1874 నుంచీ ఉంది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం వేయించిన లైను ఇది. గోధుమగూడ, ధారూరు, రుక్మాపూర్, తర్వాత తాండూరు. చిన్న స్టేషన్లలో ఆగేవి తక్కువ బండ్లే. అందుకే ఆ ఊళ్ళలో ధర తక్కువ. రోజూ కొలువుకు పోయేవాళ్ళకు ఆ తక్కువ ధర మీద ఆశ పనికిరాదు.

కోట్‌పల్లి ప్రాజెక్టు దగ్గర కాసేపు ఆగాం. కాగ్నాకు నీరిచ్చే వాగు మీద కట్టిన జలాశయం. చుట్టూ అడవి. పడవ షికారుకు హైదరాబాద్ పిల్లలొస్తారు. నీళ్ళు కనిపించే ప్లాటంటే ఎవరికి చేదు? అయితే పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి ముప్ఫై మీటర్ల దాకా కట్టడం కూడదు. నది అయితే ఆ హద్దు ఇంకా ఎక్కువ. ఎండాకాలంలో చూపించే ప్లాటుకు ఆ గీత ఎక్కడుందో కనపడదు, అది వానాకాలపు గీత. ఇరిగేషన్ వాళ్ళ మ్యాపు చూస్తే తప్ప దాని సంగతి తేలదు.

అక్కడి నుంచి పెద్దేముల్ మీదుగా తాండూరు దారిలో నేల రంగు మారుతుంది. ఎర్రది పలచబడి నల్లరేగడి మొదలవుతుంది. ఈ మార్పు దగ్గర నేను ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే మా వైపు ఇళ్ళ తలరాత అంతా ఇందులోనే ఉంది. తాండూరు కందిపప్పు రుచి ఈ నల్లనేలదే, దాని కింది సున్నపురాయిదే. ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అదే నేల ఇంటికి మాత్రం పరీక్ష పెడుతుంది. నల్లరేగడిలోని బంకమన్ను వానకు నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. పైన కట్టిన ఇల్లు ఏడాదికోసారి లేచి కూర్చుంటుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్ళు, పట్టని తలుపులు, కుంగిన గచ్చు. కొన్న రెండో ఏటికి ఇవన్నీ బయటపడతాయి.

దీనికి మందు లేకపోలేదు. నల్లమట్టి లోతు తక్కువైతే దాన్నంతా ఎత్తి పారేసి, కింది గట్టి పొర మీద పునాది వేసి, చుట్టూ మొరం కూరుతారు. లోతు ఎక్కువైతే అడుగున గంటలా వెడల్పు చేసిన పైల్స్ దించి, వాటి మీద బీములు కట్టి గోడలు లేపుతారు. ఇలాంటి పైల్స్‌ను మన దేశంలో రూర్కీలోని సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అభివృద్ధి చేసింది. ఖర్చవుతుంది. ఆ ఖర్చును ప్లాటు ధరకు కలిపి చూస్తేనే వికారాబాద్ ఎర్రనేలకూ తాండూరు నల్లనేలకూ నిజమైన తేడా తెలుస్తుంది. కట్టిన ఇల్లు కొనేవాళ్ళకు మాకు తెలిసిన మేస్త్రీ ఒక మాట చెప్తాడు: కొత్తగా రంగు వేసిన ఇంటిని ఎండాకాలం చివర చూడాలి, అప్పుడు నేల దాచుకోదు.

తాండూరు పట్టణం మా జాబితాలో అన్నిటికన్నా బరువైన ఊరు. జిల్లా ఆసుపత్రి ఉంది, రైలుంది, మార్కెట్ యార్డుంది, కన్నడం కలిసిన తెలుగుంది. భావిగి భద్రేశ్వర జాతర ఉంది. కర్ణాటక నుంచి కోడళ్ళొస్తారు, ఇక్కడి నుంచి అక్కడికి పోతారు. ఒంటరితనం తెలియని ఊరు. కానీ ఇది నాపరాయి ఊరు కూడా. గనుల నుంచి వచ్చిన బండలను కోసి నున్నగా చేసే పాలిషింగ్ యూనిట్లు పట్టణం చుట్టూ ఉన్నాయి. మిషన్ల కింది నుంచి పారే తెల్లటి రాతి బురద ఎండితే పిండిలా లేస్తుంది. సిమెంటు లారీలు, బండల లారీలు తిరిగే రోడ్లు దానికి తోడు. ఎండాకాలం గాలి పడమటి వైపు నుంచి కొడుతుంది. కాబట్టి తాండూరులో ఇల్లు చూసేవాళ్ళు ఆ ఇంటికి పడమర ఏముందో నడిచి చూడాలి. ఒకే ఊళ్ళో రెండు కాలనీల మధ్య మబ్బుకూ ఎండకూ ఉన్నంత తేడా ఉంది. వేల కుటుంబాలకు కూడు పెట్టే పని ఇది, దాన్ని ఆపమని ఎవరూ అనరు. కానీ పాలిషింగ్ బురదను ఇళ్ళ మధ్య ఆరనివ్వడం మాత్రం ఒప్పుకోదగ్గది కాదు. పిల్లలున్న ఇల్లు కొనేవాళ్ళు దీని గురించి మొహమాటం లేకుండా అడగాలి.

కాగ్నా ఊరికి దక్షిణాన పారుతుంది. నది దాటితే యాలాల వైపు. అక్కడ పొలాలు, కాస్త శుభ్రమైన గాలి, కొత్త ఇళ్ళు. తమ్ముడికి అటు మనసైంది. అయితే వాన గట్టిగా కొట్టిన ఏడు కాగ్నా ఎలా ఉంటుందో ఒడ్డున ఉండేవాళ్ళకు తెలుసు. ఎగువన వికారాబాద్ గుట్టల్లో పడ్డ వాన కొన్ని గంటల్లో ఇక్కడికి దిగుతుంది, ఇక్కడ చుక్క పడకపోయినా సరే. నీళ్ళు ఏ గోడదాకా వచ్చాయో అడిగితే పాత ఇళ్ళవాళ్ళు వేలు పెట్టి చూపిస్తారు. ఆ గుర్తుకు ఏ డాక్యుమెంటూ సాటి రాదు.

హైదరాబాద్ రాకపోకలు కూడా తూకంలో వెయ్యాలి. తాండూరు నుంచి నగరానికి వందకు పైగా కిలోమీటర్లు. 2025 నవంబర్ 3 తెల్లవారుజామున తాండూరు నుంచి బయల్దేరిన ఆర్టీసీ బస్సును చేవెళ్ళ దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పరు ఢీకొని 19 మంది చనిపోయారు. సోమవారం. సెలవు ముగించుకుని చదువులకూ కొలువులకూ తిరిగి పోతున్నవాళ్ళు. ఆ బస్సు పోయే మర్రిచెట్ల దారి విస్తరణ ఏళ్ళకేళ్ళు నానింది. చెట్లనూ కాపాడి రోడ్డునూ వెడల్పు చేయడం చేతకాని పనేమీ కాదు, జాగు మాత్రం ప్రాణాలు తీసింది. వారానికోసారైనా నగరానికి పోవలసినవాళ్ళు స్టేషనుకు నడిచి వెళ్ళగల ఇంటికి నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టినా తప్పు లేదని ఆ రోజు తర్వాత మా ఇంట్లో అందరం ఒప్పుకున్నాం.

ఇక్కడ నదిని వదిలి చించోళి వైపు తిరిగితే కరణ్‌కోట. 1965లో మొదలైన సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఎనభైల్లో ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టింది, ఏడాదికి పది లక్షల టన్నుల సామర్థ్యంతో. క్వార్టర్లు, బడి, చెట్ల వరసలు, దేశం నలుమూలల నుంచి వచ్చిన కుటుంబాలు. మా బాల్యం అక్కడిదే. చుట్టూ ఓగిపూర్, మల్కాపూర్ లాంటి గనుల ఊళ్ళు. నేల కింద సున్నపురాయి పొరలు పొరలుగా పరుచుకుని ఉంటుంది. పలుగుతో లేపితే పలకలొస్తాయి. పాత ఇళ్ళకు గోడలూ బండలే, కప్పూ బండలే. ఎండాకాలం లోపల చల్లగా ఉంటాయి. రాయి పైకే తగిలే చోట పునాదికి భయం లేదు.

ప్లాటు ధర మాకు అందుబాటులో ఉన్నది ఇక్కడే. అయినా కొన్ని సంగతులు తేల్చుకోవాలి. చూపిస్తున్న చదును నేల మొదటి నుంచీ చదునుదేనా, లేక పాత గనిని రాతి చెత్తతో పూడ్చిందా? పూడ్చిన నేల ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది. పేలుళ్ళు జరిగే గని ఎంత దూరం? ఇప్పటి దూరం కాదు, లీజు హద్దు ఎక్కడిదాకా ఉందన్నది. బోరు నీళ్ళు సున్నపు నీళ్ళు. గిన్నెల అడుగున తెల్లగా పేరుకుంటాయి, తాగడానికి మిషన్ భగీరథ నల్లా మీదే ఆధారం.

ఇంకొకటి, ఫ్యాక్టరీ మీద బతికే ఊరి ధర ఆ ఫ్యాక్టరీ బతుకుతో కట్టి ఉంటుంది. ఇదే సంస్థ ఆదిలాబాద్‌లో నడిపిన కర్మాగారం తొంభైల చివర మూతపడింది. అది తెరిపించమని అక్కడివాళ్ళు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. కరణ్‌కోటది నడుస్తున్నది, నడవాలి. కానీ ముప్ఫై ఏళ్ళ అప్పు చేసి ఇల్లు కొనేవాడు ఆ సంగతి తలుచుకోకుండా సంతకం పెట్టకూడదు.

మళ్ళీ నది దగ్గరికి వస్తే, తాండూరు నుంచి కాగ్నా సేడం దాటి మళ్ఖేడ్ చేరుతుంది, ఒకప్పుడు రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం. అక్కడివాళ్ళకు ఎగువ మనమే. తాండూరు మురుగు, రాతి బురద దిగేది వాళ్ళ వైపే. తన ఎగువను పట్టి చూసేవాడు తన దిగువ ఇంటినీ తలచుకోవాలి కదా అని నాన్న అన్నాడు. తమ్ముడు ఇంటి నక్షాలో మొదట గీయించింది ఇంకుడు గుంత.

నక్షా ఉంది, నేల ఇంకా కొనలేదు. యాలాల వైపు రెండు ప్లాట్లు, తాండూరు స్టేషను దగ్గర ఒక పాత ఇల్లు మిగిలాయి. వానాకాలం అయిపోయేదాకా స్టేషను పక్కనే అద్దెకుంటున్నారు. యాలాల ప్లాట్లలో నిలువెత్తు గుంత తీయించి నల్లమట్టి లోతు కొలిపించారు. ఒకదానిలో మొరం తగిలింది, రెండోదానిలో తగల్లేదు. తగిలినదాని ఈసీలో 1998 నాటి పంపకం కాగితం ఒకటి తక్కువుంది. అది దొరికేదాకా అడ్వాన్సు ఇవ్వనని మరదలు అమ్మకందారుకు చెప్పేసింది.