రెండు లైన్లూ ఒకే స్తంభం మీద

టెలికాం కంపెనీ నెట్‌వర్క్ ప్లానింగ్‌లో ఎక్కువకాలం ఉంటే ఒక జబ్బు పట్టుకుంటుంది. కాగితం మీద గీసిన బొమ్మే ఊరనిపిస్తుంది. నాకది బాగా ముదిరింది. నా సలహా విన్న పాపానికి హైదరాబాద్ పద్మారావు నగర్‌లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ ఓ సాయంత్రమంతా చేతులు ముడుచుకు కూర్చున్నాక గానీ అది దిగలేదు.

ఆ సెంటర్ నడిపే డాక్టరమ్మ మా కాలనీ ఆవిడే. గాంధీ ఆస్పత్రి దగ్గర్లోనే ఉండటంతో పొద్దున్నుంచి రాత్రిదాకా జనం. సెల్లార్‌లో ఎక్స్‌రే, పైన ల్యాబ్. సెల్లార్‌లోకి దిగితే ఫోన్‌లో సిగ్నల్ గీతలు మాయం. అక్కడి స్కందగిరి గుడి ఉన్నదే గుట్ట మీద. చుట్టూ వీధులన్నీ ఎత్తుపల్లాలు, పాత బంగళాలు పడగొట్టిన చోటల్లా అపార్ట్‌మెంట్లు. ఇలాంటి చోట సిగ్నల్ ఇంటింటికీ మారుతుంది. ఏం చేద్దామని ఆవిడ అడగడమే తరువాయి, నేను రెచ్చిపోయాను.

అప్పుడు మా కంపెనీలో ఎవరి నోట విన్నా ఒకటే పాట: మొబైల్, వైఫై, ఫైబర్ మూడూ కలిసిపోవాలి. నిజానికి అదేం కొత్త ఆలోచన కాదు. ఇంట్లో ఉంటే బ్రాడ్‌బ్యాండ్ మీద, గడప దాటితే మొబైల్ మీద పనిచేసే ఫోన్‌ను బ్రిటన్‌లో బీటీ 2005లోనే ‘ఫ్యూజన్’ పేరుతో అమ్మింది. అమెరికాలో టీ-మొబైల్ 2007లో వైఫైతో అదే పని చేసింది. వాటికి ప్రత్యేకమైన ఫోన్లు కొనాల్సి వచ్చేది. మన దగ్గర ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో వైఫై కాలింగ్ తెచ్చేనాటికి జేబులో ఉన్న ఫోనే చాలింది. ఫోన్ ఏ వైఫై మీదున్నా సరే, ఇంటర్నెట్ గుండా కంపెనీ గేట్‌వే దాకా రహస్యలిపిలో ఒక దారి వేసుకుంటుంది. తనెవరో సిమ్‌తోనే రుజువు చేసుకుంటుంది. అక్కణ్నుంచి ఆ కాల్‌ను నడిపేది 4జీ కాల్‌ను నడిపే వ్యవస్థే. అందుకే మాట్లాడుతూ వీధిలోకి నడిస్తే కాల్ తెగకుండా టవర్ మీదికి మారిపోతుంది. మారాలి. కొన ఊపిరితో ఉన్న వైఫైని కూడా కొన్ని ఫోన్లు ఓ పట్టాన వదలవు, మెట్ల మీదే సగం మాట మింగేస్తాయి. ఆ గోల వేరే.

డాక్టరమ్మకు నేను రాసిచ్చిన కొటేషన్‌లో ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్, అది పోతే తనంతట తానే అందుకునే 5జీ రౌటర్, సెల్లార్‌లో వైఫై కాలింగ్ ఉన్నాయి. ఒకే కంపెనీ, ఒకే బిల్లు. “రెండు లైన్లు మేడం, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది” అన్నాను. దండగెందుకని పాత లాండ్‌లైన్ కూడా తీయించేశాను.

2024 వేసవిలో ఓ సాయంత్రం గాలివాన వచ్చింది. ఆ వీధిలో చెట్టు కొమ్మ విరిగి స్తంభాల మీది తీగల మీద పడింది. సెంటర్‌లో బ్రాడ్‌బ్యాండ్ పోయింది. రౌటర్ 5జీకి మారబోయింది, అక్కడా ఏమీ లేదు. ఇంటర్నెట్టే లేనప్పుడు సెల్లార్‌లో వైఫై కాలింగ్ ఎక్కడిది? పక్క టవర్ సిగ్నల్ లోపలిదాకా రాదు. రిపోర్టులు పోవు, ఫోన్‌పే పలకదు, రక్తం ఇచ్చి కూర్చున్నవాళ్లు కౌంటర్ మీద పడుతున్నారు. ఇన్వర్టర్ మీద లైట్లు మాత్రం బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి.

నేను వెళ్లేసరికి తెగిన ఫైబర్ అతికే స్ప్లైసింగ్ కుర్రాడు ఫుట్‌పాత్ మీద గొడుగు కింద కూర్చున్నాడు. తెగిన కేబుల్ తొడుగు చీల్చి, లోపలి సన్నటి గొట్టాలను విడదీసి, వెంట్రుకంత పోగులను గుడ్డతో తుడుస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు: “సార్, టవర్ ముందు కలపాల్నా, డాక్టరమ్మది ముందు కలపాల్నా?”

నీలం గొట్టంలో టవర్‌కు పోయే పోగులు, నారింజ గొట్టంలో సెంటర్‌కు పోయే పోగులు. పైన నల్ల తొడుగు ఒక్కటే.

మా బొమ్మలో ఆ టవర్‌కు రింగ్ ఉంది. ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి ట్రాఫిక్ తిరిగి రావాలి. కానీ ఆ ప్రాంతంలో నేల కింద బండ. తవ్వాలంటే ఖర్చు, అనుమతులు, నెలల తరబడి జాప్యం. దాంతో రింగ్ రెండు చేతులూ చివరి కొంత దూరం ఒకే కేబుల్‌లో పోతున్నాయి. బొమ్మలో గుండ్రంగానే ఉంటుంది. ఏ పోగు ఏ వీధిలో పోతుందో చూపే రూట్ మ్యాప్ వేరే ఫైల్లో ఉంది. నేను దాన్ని తెరిచి చూడలేదు. చూడమని చెప్పినవాళ్లూ లేరు, నిజమే. కానీ కొటేషన్ మీద సంతకం నాది.

ఇదే సంగతి దేశమంత స్థాయిలో కెనడాలో జరిగింది. 2022 జులై 8న రోజర్స్ కంపెనీ మొబైల్, ఇంటి ఇంటర్నెట్ రెండూ ఒకేసారి పడిపోయాయి. రెండింటికీ గుండెకాయలాంటి ఐపీ కోర్ ఒకటే కావడం, దాంట్లో ఒక మార్పు చేస్తూ ఫిల్టర్ తీసేయడం కారణం. 1.2 కోట్ల మందికి పైగా వినియోగదారులు ఇరుక్కుపోయారు. అత్యవసర నంబరు 911కు చాలా కాల్స్ కలవలేదు, డెబిట్ కార్డులు గీకితే పనిచేయలేదు. సరిచేయాల్సిన ఉద్యోగుల ఫోన్లూ అదే నెట్‌వర్క్ మీదుండటంతో వాళ్లు వేరే కంపెనీ సిమ్‌లు తెప్పించుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత రోజర్స్ రెండు కోర్లనూ విడదీస్తామంది. ఆ వార్తలు అప్పుడే నేను ఆసక్తిగా చదివాను. మా స్తంభం గుర్తుకు రాలేదు, చదివింది కోర్ గురించి కదా అనుకుని ఉంటాను. తెలిసినదాన్ని మన వీధికి అన్వయించుకోవడం ఇంకో చదువు.

2025 ఆగస్టులో మా నగరంలోనే, రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత అలాంటిది మళ్లీ జరగకూడదని నగరంలో స్తంభాల మీది ఇంటర్నెట్ కేబుళ్లను కత్తిరించుకుంటూ పోయారు, వ్యవహారం హైకోర్టుదాకా వెళ్లింది. ప్రాణాల ముందు ఇంటర్నెట్ ఎంత అన్నదాంట్లో నాకు రెండో మాట లేదు. కానీ ఆ వారం హైదరాబాద్‌లో చాలామందికి ఒక విషయం తెలిసొచ్చింది: ఎంత ఆధునికమైన 5జీ అయినా చివరికి ఎక్కడో ఒక చోట తీగే.

సెంటర్ సంగతి చెప్పాలి. మొదట ఇంకో కంపెనీ ఫైబర్ పెట్టిద్దామనుకున్నాం. వాళ్ల ఇంజినీర్‌ను రూట్ అడిగితే కాసేపు నసిగి, ఆ వీధిలో పోగులు మా కంపెనీ నుంచే అద్దెకు తీసుకున్నామన్నాడు. మళ్లీ అదే నల్ల తొడుగు. చివరికి చిలకలగూడ వైపు ఒక టవర్ దొరికింది. దానికి ఫైబర్ రాలేదు, ఇంకో టవర్ నుంచి మైక్రోవేవ్ డిష్‌తో నడుస్తోంది. ఫైబర్ వచ్చాక ఇవెందుకని మేం వెక్కిరించిన పాత డిష్షే. డాబా మీద యాంటెన్నా బిగించి ఆ టవర్ వైపు తిప్పాం.

“వానొస్తే?” అన్నారు డాక్టరమ్మ. అడుగుతారని తెలుసు.

“జోరుగా కురిస్తే స్పీడ్ పడిపోతుంది మేడం. రిపోర్టులు వెళ్తాయి, ఎక్స్‌రే బొమ్మలు పంపడం మాత్రం నెమ్మదిస్తుంది.”

“పూర్తిగా పోదని రాసిస్తారా?”

రాయలేదు. రెండు లైన్ల రూట్ మ్యాపులు కొటేషన్‌కు పిన్ చేసి ఇచ్చాను. అవి ఎక్కడ దగ్గరికొస్తున్నాయో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. ఆవిడ చాలాసేపు చూసి, ఆ సున్నా దగ్గర ఏముందని అడిగారు. రెండూ అక్కడ ఒకే సబ్‌స్టేషన్ కరెంటు మీద ఉన్నాయని చెప్పాను.