ఇస్తాంబుల్‌లో పిల్లి ఎదురొస్తే...

మన దగ్గర పిల్లి ఎదురొచ్చిందంటే చాలు, వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూచుని మరీ బయల్దేరేవాళ్ళున్నారు. సినిమా ముహూర్తానికి వెళ్ళే నిర్మాతగారి సంగతి చెప్పనే అక్కర్లేదు! అదే పట్టింపు మూటగట్టుకుని ఇస్తాంబుల్ వెళ్ళారో, హోటల్ గది దాటి బయటికి రాలేరు. ఆ వూళ్ళో అడుగడుక్కీ పిల్లే మరి!

బాస్ఫరస్ జలసంధికి అటు ఆసియా, ఇటు యూరప్. రెండు ఖండాల మీదా చెరో కాలూ వేసుకు కూచున్న నగరం అది. గలాటా వంతెన మీద గాలాలేసి వరసగా నిలబడతారు జనం. వాళ్ళ బకెట్ల పక్కన చేప కోసం కాచుకు కూచునేవి పిల్లులు. పడవల రేవులో, పుస్తకాల కొట్లో, మసీదు మెట్ల మీద ఎక్కడ చూసినా అవే. ఎవరి పిల్లులివి అని అడిగారనుకోండి, జవాబు దొరకదు. ఎవరివీ కావు, అందరివీను! వీధివాళ్ళే తిండీ నీళ్ళూ పెడతారు. చలికాలంలో తలదాచుకోడానికి చిన్న చిన్న గూళ్ళు అమరుస్తారు.

వాటిలో స్టార్లు కూడా వున్నాయండోయ్! అయా సోఫియాలో పెరిగిన మెల్లకన్ను సుందరి గ్లీని 2009లో అమెరికా అధ్యక్షుడు ఒబామా స్వయంగా నిమిరి వెళ్ళాడు. 2020 నవంబరులో అది కన్నుమూస్తే దేశదేశాల పత్రికలు వార్త వేశాయి. ఎంతమంది తారలకి దక్కుతుంది ఆ భోగం?

ఈ పిల్లుల మీద జేదా తోరున్ అనే దర్శకురాలు 2016లో ‘కెది’ అనే డాక్యుమెంటరీ తీసింది. కెది అంటే టర్కీ భాషలో పిల్లి అనే అర్థం. ఆమె పుట్టిందీ ఆ వూళ్ళోనే. కెమెరా నేలకి జానెడెత్తున పిల్లి వెంట పరిగెడుతుంది. హీరోలు ఏడుగురు! ఒకడు హోటల్లో ఎలకల పని పడతాడు. ఇంకొకడు పెద్దమనిషి, ఆకలేస్తే లోపలికి రాడు, బయటినుంచి అద్దం మీద పంజాతో తడతాడు. మొగుణ్ణి ఇంకో ఆడపిల్లి దరి చేరనివ్వని గయ్యాళి కూడా వుంది, మన సూర్యకాంతం టైపు! కానీ నాకు మనసులో నిలిచిపోయింది ఒక మనిషి. మనసు బాగా దెబ్బతిని కుంగిపోయినవాడు. సంచీలో మేత వేసుకుని వీధి పిల్లులకి పెట్టుకుంటూ తిరుగుతాడు. నన్ను మామూలు మనిషిని చేసింది ఇవే అంటాడు.

ఇదంతా సినిమా కబుర్లేనా? కాదు. 2019లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీవాళ్ళు 249 మంది విద్యార్థుల మీద పరీక్ష చేసి చూశారు. కుక్కల్నీ పిల్లుల్నీ 10 నిమిషాలు నిమిరినవాళ్ళ లాలాజలంలో, ఆందోళనలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోను తగ్గింది. అవే జంతువుల్ని స్లైడు బొమ్మల్లో చూసి కూచున్నవాళ్ళకి అంత లాభం కలగలేదు. తెరమీద చూస్తే చాలదన్నమాట. సినిమా పత్రికలో రాయాల్సిన మాట కాదు గానీ, నిజం!

ఉద్యోగం కోసం పట్నమొచ్చి, ఒంటిగదిలో గోడలతో మాట్లాడుకునే కుర్రాళ్ళు మనలో ఎంతమంది లేరు? తలుపు తియ్యగానే కాళ్ళకి రాసుకుంటూ తిరిగే ప్రాణి ఒకటుంటే ఆ గది ఇల్లవుతుంది. అలాగని పిల్లిని మందుబిళ్ళ చెయ్యొద్దు. దాని గురగురకి విరిగిన ఎముకలు అతుక్కుంటాయని చెప్పేవాళ్ళున్నారు, రుజువు లేదు. ఆయాసమున్నవాళ్ళు డాక్టర్ని అడిగి పెంచుకోవాలి. గర్భిణులు దాని మలం ఎత్తకుండా వుండడం మంచిది. కరిచినా, రక్కినా 15 నిమిషాలు సబ్బుతో కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి చూసుకోవాల్సిందే.

ఇస్తాంబుల్ వెళ్ళే యోగం పడితే యూరప్ ఒడ్డునించి కడికోయ్‌కి ఫెర్రీ ఎక్కండి. సుమారు 20 నిమిషాల్లో ఆసియాలో దిగుతారు! అక్కడ జివర్‌బే పేటలో తోంబిలి అనే బొద్దు పిల్లి విగ్రహం వుంది. అరుగు మీద మోచెయ్యి ఆనించి, రచ్చబండ పెద్దలా దర్జాగా ఒరిగి వుంటుంది. 2016 అక్టోబరులో పెట్టారు. నెల దాటిందో లేదో ఎవడో ఎత్తుకుపోయాడు! వూరు వూరంతా గగ్గోలు పెడితే రెండ్రోజుల్లో తిరిగొచ్చింది. పక్కన కూచుని ఫోటో దిగొచ్చు. ఆ చోట్లో అసలు పిల్లి ఏదైనా పడుకుని వుంటే మాత్రం, అది లేచేదాకా మీరు ఆగాలి. నిద్రపోయే పిల్లిని లేపే అలవాటు ఆ వూరికి లేదు.