వెయ్యి కిలోమీటర్ల సంచి

రాజమండ్రి నుంచి కాలువ రోడ్డు పట్టుకుని కడియం నర్సరీలు దాటి వెళితే ద్వారపూడి వస్తుంది. గోదావరి జిల్లాల్లో ఈ ఊరి పేరెత్తగానే గుర్తొచ్చేవి రెండు, టోకు బట్టల కొట్లు, అయ్యప్ప గుడి. పెళ్ళి బట్టలకు వచ్చినవాళ్ళు గుడి చూసి వెళతారు, ఇరుముడి కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు బట్టలు కొనుక్కుని వెళతారు. కార్తీకమాసంలో కొట్ల ముందు వేలాడే చీరలు కాస్త లోపలికి జరుగుతాయి. నల్ల పంచెలు, నల్ల లుంగీలు, తువ్వాళ్ళు ముందుకొస్తాయి.

నేను వెళ్ళింది బజారు వెనక సందులోని ఒక రేకుల షెడ్డుకి. అక్కడ సంచులు కుడతారు. ఏడాది పొడుగునా బడి సంచులు, బజారు సంచులు. దీక్షల కాలంలో ఇరుముడి సంచులు, స్వాములు భుజాలకు తగిలించుకునే పెద్ద సంచులు. సంక్రాంతి వెళ్ళాక పాడైపోయిన సంచులు బాగుచేస్తారు. నాకు కావలసింది ఈ చివరి పని. దూరాలు నడవడానికి సంచి కావాలని నగరంలో ఏ పెద్ద దుకాణానికి వెళ్ళినా లీటర్ల లెక్క చెబుతారు. ఇది నలభై, అది అరవై, వాన కవరు ఉచితం. ఏ సంచి ఎక్కడ తెగుతుందో మాత్రం చెప్పలేరు. తెగిన సంచి ఆ దుకాణానికి తిరిగి రాదు కదా. ఈ షెడ్డుకి వస్తుంది.

పైగా ఇక్కడి సంచులు నడిచే దూరం తక్కువేం కాదు. గోదావరి జిల్లాల నుంచి శబరిమలకు రైల్లో వెళ్ళేవాళ్ళే ఎక్కువ. మొత్తం దారి కాలినడకన వెళ్ళే బృందాలూ ఉన్నాయి. విజయవాడ, ఒంగోలు, నెల్లూరు మీదుగా దక్షిణానికి దిగి, తమిళనాడు దాటి కేరళ కొండలెక్కే ఆ దారి వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. రోజుకు ముప్ఫై కిలోమీటర్లు నడిచినా నెల పైమాటే.

షెడ్డు యజమానిని అందరూ బాబాయనే పిలుస్తున్నారు, నేనూ అదే పిలుపు అందుకున్నాను. గోడకు వరసగా వేలాడుతున్న కొత్త సంచుల వైపు నేను చూస్తుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “కొత్తవి చూత్తే ఏం తెలుత్తాదండీ? పాతవి చూడండి, ఆయ్,” అంటూ మూలన గోనెపట్టా కింద ఉన్న కుప్ప లాగాడు. కిందటి ఏడాది బాగుకిచ్చి, తీసుకెళ్ళడం మర్చిపోయిన సంచులవి.

ఒక్కొక్కటీ బోర్లించి చూపించాడు. తెగిన చోట్లు దాదాపు అన్నిట్లోనూ మూడే. భుజం పట్టీ పై మొదలు, జిప్పు మూల, అడుగు కుట్టు. గుడ్డ మధ్యలో చిరిగిన సంచి నాకు ఒక్కటీ కనబడలేదు. కొనేటప్పుడు మనం వేళ్ళతో నలిపి చూసేది మాత్రం ఆ మధ్య గుడ్డనే.

ఒక ముదురు నీలం సంచి పట్టీ మొదలు నా ముందు పెట్టాడు. గుడ్డ పీలికలు కాలేదు. సూది కన్నాల వరస వెంబడే నీటుగా ఊడింది, తపాలా బిళ్ళ చింపినట్టు. దగ్గరదగ్గరగా పోట్లు వేస్తే గట్టిగా ఉంటుందని కొత్త దర్జీలు అనుకుంటారట. మందపు గుడ్డకు అంగుళానికి ఆరేడు పోట్లు చాలు. పన్నెండు వేస్తే దారం ఉంటుంది, గుడ్డ ఉండదు. బాబాయి పద్ధతి ఏమిటంటే, పట్టీ కొసను రెండు పొరల మధ్యకు దూర్చి, వెనక అరచేతి వెడల్పు అతుకు వేసి, చదరంగా పెట్టె కుట్టు కొట్టి దాని మధ్యలో ఇంటూ గుర్తు కొడతాడు. బరువు ఒక్క గీత మీద కాకుండా ఆ అతుకంతా పంచుకుంటుంది. దారం పాలియెస్టర్‌దే వాడతాడు, నూలు దారం చెమటకు కుళ్ళిపోతుందని. తర్వాత ఓ కొత్త సంచి కింద పడేసి, అడుగుభాగం కాలితో తొక్కిపట్టి, పట్టీని రెండు చేతులా పైకి లాగాడు. “కుట్టు పక్కన కన్నాలు నోళ్ళు తెరిత్తే కొనకండి.” నగరంలో కొట్టువాడి ముందు ఈ పరీక్ష చెయ్యడానికి కాస్త మొండితనం కావాలి.

గుడ్డ గురించి అడిగితే డెనియర్ల మాటొచ్చింది. తొమ్మిది వేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. సంచుల మీద 420 అనో 600 అనో 1000 అనో వేసేది అదే. ఉప్పాడ మగ్గాల మీద ఈ మాట కొత్త కాదు, పట్టు పోగును కొనేది డెనియర్ల లెక్కలోనే. నూలు కౌంటు దీనికి తలకిందులు, అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. బట్టల బజారులో పెరిగినవాళ్ళకు రెండు లెక్కలూ నోటి చివరే ఉంటాయి. కాకపోతే డెనియర్ చెప్పేది పోగు మందమే, బలం కాదు. అదే డెనియర్‌లో నైలాన్ రాపిడికి ఎక్కువ ఆగుతుంది, పాలియెస్టర్ ఎండకు ఎక్కువ ఆగుతుంది. హైవే మీద రోజల్లా ఎండలో ఉండే సంచికి ఏది మేలో కొండదారిలో రాళ్ళకు రుద్దుకునే సంచికి అది కాదు.

మన ప్రాంతపు తేమ చేసే నష్టం ఇంకొకటుంది. నీళ్ళు దిగకుండా గుడ్డ లోపలివైపు పూసే పాలీయూరితేన్ పూత తేమకు మెల్లగా విరిగిపోతుంది. రెండు మూడు వానాకాలాలు అటక మీద మడిచిపెట్టిన సంచి లోపల బంకబంకగా తగిలి, పొట్టు రాలుతుంటే ఆ పూత పోయిందని అర్థం. పాత నిల్వ సరుకు తగ్గింపు ధరకు వస్తోందని ఎగబడే ముందు లోపలికి చెయ్యిపెట్టి గోటితో గీకి చూడడం మంచిది.

జిప్పుల విషయంలో బాబాయి నాతో కొంచెం వాదించాడు. నేను పళ్ళు అరుగుతాయనుకుంటున్నాను. ఆయన లెక్కన చాలాసార్లు పాడయ్యేది రన్నరు. దుమ్ము, ఇసుక పట్టి దాని నోరు వెడల్పవుతుంది, పళ్ళను దగ్గరకు నొక్కలేకపోతుంది. పట్టకారుతో రెండు పక్కలా కాస్త నొక్కితే కొన్నాళ్ళు నడుస్తుంది, లేదంటే కొత్త రన్నరు ఎక్కిస్తే సరి. అందుకే ఆయన ఎనిమిది, పది నంబర్ల మామూలు కాయిల్ జిప్పులే వేస్తాడు. వాటి రన్నరు కావలిలో దొరుకుతుంది, నాయుడుపేటలో దొరుకుతుంది, తమిళనాడులో ఏ తాలూకా ఊళ్ళో అయినా దొరుకుతుంది.

నాకు ఆ షెడ్డులో అన్నిటికన్నా ముఖ్యమనిపించిన సంగతి ఇదే. విదేశాల్లో ఇప్పుడు సంచి బరువు తగ్గించడానికి అతుకుపొరల గుడ్డలు వాడుతున్నారు. కాగితంలా తేలిక, నీళ్ళు దిగవు, ధర పదివేలు దాటి ఎక్కడో ఉంటుంది. చిరిగితే ప్రత్యేకమైన టేపు అతికించాలి, సూది పెడితే కన్నం మిగులుతుంది. ఊరూరా కుట్టుమిషను ఉన్న దేశంలో వెయ్యి కిలోమీటర్లు నడిచేవాడికి అరకిలో తేలిక ముఖ్యమా, దారిలో బాగుపడడం ముఖ్యమా? హిమాలయాల్లో పది రోజులు మనిషి కనబడని చోటికి వెళ్ళేవాడి జవాబు వేరుగా ఉండొచ్చు. నా జవాబు మాత్రం మిషను వైపే.

మధ్యాహ్నం దాటాక ఒక గురుస్వామి వచ్చారు, తమ బృందానికి చెప్పిన సంచులు ఎంతవరకు వచ్చాయో చూసుకోవడానికి. మండపేట పక్క ఊరాయన. కాలినడకన కొండకు వెళ్ళిన అనుభవం ఉందని తెలిసి, ఏమేం పట్టుకెళ్ళాలి స్వామీ అని అడిగాను. “ఏం పట్టుకెళ్ళకూడదో ముందు చెబుతాను స్వామీ,” అన్నారు. బియ్యం, గ్యాసు పొయ్యి, గిన్నెలు, పూజ పెట్టె వెంట వచ్చే బండిలో ఉంటాయి. మనిషి వీపు మీద ఉండేది ఇంకో జత బట్టలు, తువ్వాలు, దుప్పటి, దోమతెర, టార్చి, నీళ్ళ సీసా, మాత్రలు. మొత్తం తూకం ఐదు కిలోలు దాటితే ఆయన బయలుదేరే ముందే సంచి విప్పించి, వస్తువులు తీయించేస్తారట. ఏవి తీయిస్తారని అడిగితే నవ్వారు. “ఎందుకైనా మంచిదని పెట్టినవన్నీ.”

ఇరుముడి సంగతి వేరు. ముందు ముడిలో నేతి కొబ్బరికాయ, స్వామికి ఇచ్చేవి, వెనక ముడిలో మనిషికి కావలసిన తిండి. అందులోనూ ఏళ్ళు గడిచేకొద్దీ సరుకు పెరిగింది. 2024లో శబరిమల తంత్రి కండరరు రాజీవరు కర్పూరం, అగరుబత్తులు, పన్నీరు ఇరుముడిలో తేవద్దని దేవస్వం బోర్డుకు రాశారు. సన్నిధానంలో అవి వాడకంలోకి రాక చెత్తగా పోగుపడుతున్నాయి. ప్లాస్టిక్ ఉండకూడదని కేరళ హైకోర్టు అంతకు ముందే చెప్పింది. ఈ గురుస్వామి ఇప్పుడు తన వాళ్ళ చేత విభూతికీ పసుపుకీ కాగితపు పొట్లాలు కట్టిస్తున్నారు.

ఆ ముడి తలమీద ఉంటుంది కాబట్టి ఒక మాట. 1986లో నేచర్ పత్రికలో అచ్చయిన పరిశోధనలో కెన్యాలోని లువో స్త్రీలు తలమీద, కికుయు స్త్రీలు నుదుటి పట్టీతో వీపు మీద తమ ఒంటి బరువులో ఐదో వంతు దాకా మోసినా నడకకు అదనపు శక్తి ఖర్చు కాలేదని తేలింది. చిన్నప్పటి నుంచి మోసినవాళ్ళ సంగతది. ఏడాదికోసారి తలకెత్తుకునే మనం దాన్ని చూసి ధైర్యపడనక్కర్లేదు. మెడ నొప్పి ఖాయం.

పాశ్చాత్య దేశాల నడక పుస్తకాల్లో సంచి, డేరా, పడక మూడూ తేలికపడితే సగం బరువు తగ్గినట్టేనంటారు. తిండి, నీళ్ళు, ఇంధనం తీసేసి మిగతా సామాను నాలుగున్నర కిలోల్లో సర్దుకోగలిగితే దాన్ని అతి తేలిక నడక అంటారు. మన దారిలో డేరా అక్కర్లేదు. గుళ్ళు, కల్యాణమండపాలు, బడి వరండాలు ఉన్నాయి. పడక సంచి నెల్లూరులో ఉడకబెడుతుంది. మారేడుమిల్లి అడవిలో రాత్రి ఉండేవాళ్ళకు ఈ రెండూ కావాలి, రోడ్డు పట్టుకునేవాళ్ళకు దోమతెర కావాలి.

వాన సంగతి గురుస్వామి చెబుతుంటే బాబాయి కూడా మిషను ఆపి విన్నాడు. పాదయాత్రల కాలం, ఈశాన్య రుతుపవనాల కాలం ఒక్కటే. ఇక్కడ పొడిగా బయలుదేరినవాళ్ళు నెల్లూరు, చెన్నై దగ్గర తడిసి ముద్దవుతారు. ఆయన రెయిన్‌కోట్లు వద్దంటారు, లోపల చెమటతో ఎలాగూ తడుస్తాం కనుక. సంచితో సహా కప్పుకునేలా పలచటి ప్లాస్టిక్ పట్టా చాలు, రాత్రికి అదే కింద పరుచుకోవచ్చు. నాకు వెంటనే ఎమ్మా గేట్‌వుడ్ గుర్తొచ్చింది. 1955లో 67 ఏళ్ళ వయసులో ఆమె అమెరికాలో అప్పలాచియన్ దారి మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు ఒంటరిగా నడిచింది. కాళ్ళకు మామూలు గుడ్డ బూట్లు, భుజాన ఇంట్లో కుట్టుకున్న డెనిమ్ సంచి, వానకు స్నానాలగది ప్లాస్టిక్ తెర. దారిలో జనం పెట్టింది తిని, వాళ్ళిచ్చిన చోట పడుకున్న రాత్రులూ ఉన్నాయి. అన్నదానాల దారిలో నడిచే స్వాములకు ఆమె తీరు వింతగా ఉండదు.

పాదాల దగ్గర నాకూ గురుస్వామికీ కుదరలేదు. దీక్షలో చెప్పుల్లేవు, అంతే. ఎండకి తారు కాలుతుంటే రోడ్డు అంచు తెల్లగీత మీద నడుస్తారట, అది కాస్త తక్కువ కాలుతుంది. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరి తొమ్మిదికల్లా నీడకు చేరడం వాళ్ళ అసలు రక్షణ. దీక్ష లేనివాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. పాదం మీద పెరిగిన బరువు వీపు మీద అంతే బరువుకు ఐదారు రెట్ల శ్రమ పెడుతుందని సైన్యాల కోసం చేసిన పరిశోధనలు చెబుతున్నాయి, అందుకని కొండ బూట్లు రోడ్డు మీద శిక్షే. తేలికపాటి బూట్లు, అవీ పాదం వాచి ఉండే సాయంత్రం పూట కొలిచి కొనుక్కోవాలి.

ఈలోపు నేను కుట్టమని చెప్పిన సంచి తయారైంది. బాబాయి దాంట్లో బియ్యం మూట, రెండు నీళ్ళ సీసాలు వేసి, “కాలువ గట్టెమ్మట కాసేపు తిరిగి రండి,” అన్నాడు. కడియం వైపు నడుస్తుంటే కాసేపటికి బరువంతా భుజాల ముందు భాగాన్ని వెనక్కి లాగుతోంది. లీటర్లు సరిపోయాయి కానీ పొడుగు సరిపోలేదు. తిరిగొచ్చాక ఆయన టేపుతో కొలిచాడు, మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి నడుం ఎముక పైఅంచు దాకా. సంచి ఆ కొలత కన్నా పొడుగు, నడుం పట్టీ తుంటి మీద కూచోకుండా కిందకు జారుతోంది. కుట్టు విప్పి పట్టీ మొదలు దింపాడు, బియ్యం మూటను అడుగు నుంచి తీసి వీపుకి ఆనించి పెట్టాడు. ఈసారి నడిస్తే బరువు తుంటి మీద కూచుంది.

గురుస్వామి అప్పటికి తన సంచులు లెక్క పెట్టుకుంటున్నారు. ఒకటి తిప్పి, వెనకాల బాబాయి కుట్టిన మెరిసే టేపును వేలితో తడిమారు. నల్లబట్టలు, తెల్లవారకముందు నడక, పక్కనే లారీలు. ఆ రెండంగుళాల పట్టీ ఏ దుకాణం లీటర్ల లెక్కలోనూ ఉండదు.

“ఇది వెనక మాత్రమే ఉంది స్వామీ.”

“వెనకనుంచి వచ్చే బండికే గదండీ కనబడాలి?”

“మేం వచ్చే బళ్ళకి ఎదురుగా నడుస్తాం. ముందు పట్టీలకి కూడా కుట్టాలి.”

బాబాయి టేపు చుట్ట విప్పి మిగిలింది కొలిచాడు, చాలదు. రాజమండ్రి తాడితోటకు ఫోన్ చేసి ఇంకో చుట్ట పంపమన్నాడు. నా సంచి కూడా ఆ వరసలోనే పెట్టమని చెప్పాను.