గోడ ఖబరు

నిజామాబాద్ జిల్లాలో మా ఇంటికీ పక్కింటి కాక ఇంటికీ ఒకటే గోడ. రెండడుగుల మందం మట్టిగోడ. ఇటు మా దూలాలు, అటు వాళ్ళ దూలాలు దానిమీదే ఆనేవి. వెనకట మేకు కొట్టాలన్నా మా దాదీ ఇవతలి నుంచే కేకేసేది: "ఓ వదినా, గూట్లో గిన్నెలు దించుకో!" అంతే. అది అడగడం కాదు, చెప్పడం.

1993 ఎండాకాలంలో ఆ గోడ దించి ఇటుకలతో కట్టుకోవాలనుకున్నాం. మిరుగు వానలకు నిలిచేటట్టు లేదు. బాబ్రీ మసీదు కూల్చి ఆర్నెల్లు కూడా కాలేదప్పటికి. అబ్బా లుంగీ విప్పి ఉతికిన పైజామా వేసుకుని పోయాడు. గోడ అవతలికి పోవడానికి బట్టలు మార్చుకోవడం మేము చూసింది అదే మొదలు. పని ఎన్ని రోజులు పడుతుందో, వాళ్ళ దూలాల కింద ఊతకర్రలు ఎట్లా పెడతామో చెప్పాడు. బునాది ఒక్కసారే తవ్వం, నాలుగడుగులు తవ్వి, అది కట్టినంక మళ్ళీ నాలుగడుగులు తవ్వుతామన్నాడు. దుమ్ము లేస్తది, పిండీ పప్పూ మూసి పెట్టుకొమ్మన్నాడు. (బునాది ఉర్దూ నుంచి వచ్చిన మాటని ఆ వాడలో ఎవరికీ పట్టింపు లేదు. గోడ ఎవరిదన్న దగ్గరే పట్టింపు.)

కాక అంతా విని, "పెద్దమనుషుల్ని కూడా ఓ మాట అడుగుదాం" అన్నాడు. సాయంత్రానికి అరుగు మీద పదిమంది. ఎత్తెంత? అంత ఎందుకు? లోపలేం చేస్తరు? పాతదానికన్నా ఒక్క వరుస కూడా ఎక్కువ పెట్టమని మాటిచ్చి వచ్చాడు అబ్బా. చెప్పడానికి పోయిన మనిషి అడుక్కుని తిరిగొచ్చాడు.

2011లో కాక కొడుకులు మేడ లేపారు. ఒక శుక్రవారం పొద్దున, గడ్డపార దెబ్బలకు మా గూట్లోని ఖురాన్ మీద సున్నం రాలితేగానీ మాకు తెలియలేదు. అడిగితే, "మనోళ్ళే కదా, చెప్పాల్నా?" అన్నారు, నవ్వుతూనే. మనోళ్ళమైతే మరి మా వంతుకు పంచాయితీ ఎందుకు పెట్టారు?

ఇక్కడితో ఆపితే సగమే రాసినట్టు. మాకు పడమటి దిక్కున ఖాలా ఇల్లు. మొగుడు లేని మనిషి, బీడీలు చుట్టి పిల్లల్ని సాకింది. పొరుగువాడు నీ గోడలో కర్ర దోపుకుంటానంటే కాదనొద్దని ప్రవక్త చెప్పిన మాట మేమే నలుగురికీ చెప్తుంటాం. అదే 1993లో, మిగిలిన ఇటుకలతో ఆమె గోడకే ఆనించి స్నానాలగది కట్టాం. ఆమెకు ఖబరు చెయ్యలేదు. మనోళ్ళే కదా అనుకున్నాం. ఆరబెట్టిన బీడీల మీద మా దుమ్ము పడితే కార్ఖానాలో ఆ వారం సరుకు తిరగ్గొట్టారు. ఆమె ఒక్క మాటనలేదు. మేమూ అడగలేదు.

ఖాలా ఇప్పుడు లేదు. మా స్నానాలగది నీళ్ళు దిగి దిగి ఆ గోడ ఉబ్బింది. మొన్న ఆమె కూతురు మా గడప బయటే నిలబడి, దుపట్టా సర్దుకుని, "భాయ్‌జాన్, గోడ దించి కట్టుకుందామనుకుంటున్నం, మీరు సరేనంటే..." అంది.