బాయిలోని టోపీ, బాటమీది తల

గోదావరిఖనిలో వైద్యము చేయుచు గడపిన సంవత్సరములలో, రెండవ షిఫ్టు విడిచి కార్మికులు ఇండ్లకు మరలు వేళ వినబడెడి మోటారు సైకిళ్ల రొద నాకు గడియారపు గంటవంటిదైనది. అది సమసిన అరగంటవరకు క్యాజువాలిటీ తలుపు తెరువబడకున్నచో, ఆ రాత్రికి గండము గడచినదని మేమందరము ఊపిరి పీల్చుకొనెడివారము.

అట్టి యొక రాత్రి, తండ్రి అనారోగ్యముచే ఉద్యోగము విడువగా కారుణ్య నియామకమున బొగ్గు బాయిలో (గనిలో) చేరి, బండి కొని నెలయైనను నిండని యువకు నొకనిని మిత్రులు తీసికొనివచ్చిరి. ఎనిమిదవ ఇంక్లైను కాలనీకి పోవు త్రోవలో బండి జారినదట. మోకాలు గీరుకొనిపోవుట తప్ప పైకి గాయమేమియు లేదు. "ఏం గాలే సారూ, జర తల నొస్తుంది, ఇంటికి వోత" అని నవ్వుచు చెప్పెను. చెవికి పైన కణతపై చిన్న వాపు నా వ్రేళ్లకు తగులుటచే నేను పోనీయలేదు. గంటన్నర గడవకమునుపే మాట ముద్దయైనది, ఒక కంటిపాప పెద్దదైనది. కణత యెముక పలుచనిది; దాని లోపల పారు ధమని చిట్లినచో నెత్తురు కపాలమునకును మెదడు పొరకును నడుమ కొంచెము కొంచెముగ చేరును. అంతవరకు రోగి మాటలాడును, నడచును, మంచినీళ్లడుగును; ఆ స్వస్థత నమ్మదగినది కాదు. వెంటనే కరీంనగరమునకు పంపి శస్త్రచికిత్స చేయింపగలిగితిమి గనుక బ్రదికెను.

అతని హెల్మెటు బండి అద్దమునకు తగిలించియున్నదని మిత్రులు చెప్పిరి. నన్ను కలచినది ఇది: ఆ సాయంకాలమే ఆ బాలుడు ల్యాంపు రూములో బత్తి తీసికొని, టోపీ పెట్టి బాయి దిగినవాడు. టోపీ లేనిదే లోనికి పోనీయరు. 1966 నాటి గనుల వృత్తిశిక్షణ నిబంధనలను బట్టి శిక్షణ పొందనిదే పని యొప్పగింపరు. బాటమీదనో, మిత్రునితో మైదానమున తిరిగిన రెండు సాయంకాలములే విద్య. అపాయమంతయు భూగర్భముననే విడిచి వచ్చితిమని మన యువకులు తలంతురు.

అతని తండ్రి పూర్వము టింబర్‌మన్. గని కప్పుకు ఆధారముగ కర్రలు నిలిపిన చేయి ఆయనది. కుమారుడు కోలుకొనిన పిదప నా యెదుటనే అనెను: "కప్పు కొట్టి సప్పుడు ఇనకుంట నేనెన్నడన్న ముందుకు అడుగేసిన్నా బిడ్డా? రోడ్డు గూడ అసొంటిదే."

ఆ మాటనే నేను క్రొత్తగా బండి కొన్నవారికెల్ల చెప్పుచుందును. బొగ్గు లారీలనుండి రాలిన పొడి ఎండలో నిరపాయముగ కనబడును. మృగశిర కార్తెలో తొలి చినుకులు పడగానే అదియే జిడ్డు బురదయై చక్రమును జార్చును. వాన గట్టిగా కురిసి బాటను కడుగువరకు ఆగుటయే మేలు. వేగమును మలుపునకు ముందే తగ్గించుకొనవలెను గాని, బండి వాలియున్నప్పుడు బ్రేకును బిగియబట్టరాదు. క్రొత్తవారు ముందు బ్రేకునకు జడిసి వెనుకదానినే నమ్ముదురు. ఆగునప్పుడు బరువు ముందు చక్రముపైకి వచ్చును గనుక ఆపెడి శక్తిలో అధిక భాగము అచ్చటనే యున్నది. రెంటిని కలిపి, క్రమముగ, నొక్కుట ఖాళీ మైదానమున అభ్యసింపవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోవును. రాజీవ్ రహదారిపై ముందు లారీ ఎఱ్ఱదీపము చూచి చేయి కదలునంతలోనే ఆ దూరము హరించిపోవును.

శిరస్త్రాణపు విలువను మా వైద్యులును ఆలస్యముగనే గ్రహించిరి. 1935 మే నెలలో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'యని పేరొందిన టి.ఇ. లారెన్సు ఇంగ్లండులో మోటారు సైకిలుపైనుండి పడి, ఆరు దినములు స్పృహలేక యుండి మరణించెను. ఆయనను చూచిన శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ 1941లో సైనిక వార్తాహరుల తలగాయములను పరిశీలించి శిరస్త్రాణపు ప్రయోజనమును ప్రకటించెను. హెల్మెటు మరణభయమును సుమారు 42 శాతము, తలగాయమును 69 శాతము తగ్గించునని 2008 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చినది. పట్టీ బిగింపనిచో ఈ లెక్కలేవియు పనికిరావు. రోగిని ఒకరును, దూరమున దొరకిన హెల్మెటును మరియొకరును తెచ్చిన రాత్రులు నాకు గుర్తున్నవి.

ఆరు మాసముల పిమ్మట ఆ యువకుడు తల్లిని వెనుక కూర్చుండబెట్టుకొని పరీక్షకు వచ్చెను. మరలిపోవునప్పుడు గేటువద్ద ఆమె పట్టీ బిగించుకొనలేక తడబడుచుండగా, అతడు దిగి, ఆమె గడ్డము క్రింద వ్రేళ్లు పెట్టి చూచి, "రెండేళ్లు వట్టాలె అమ్మా, అంతకన్న సందుండొద్దు" అనుచు మరల బిగించెను.