లేబుల్ మీద పేరు

ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు బొమ్మ పక్కన గోడకి అంటించిన చిన్న అట్టముక్కని ఎంతమంది ఆగి చదువుతారో గానీ, ఆ అట్టముక్కలు తయారుచెయ్యడం నా బతుకుతెరువు. రాయడం, కుదించడం, అక్షరాలు పేర్చడం, ప్రెస్సు చుట్టూ తిరగడం, చివరికి స్కేలూ డబుల్ టేపూ పట్టుకుని గోడ దగ్గర నిలబడడం అన్నీ నేనే.

హైదరాబాద్ గ్యాలరీల్లో నాకు దొరికే పని ఎక్కువగా తెలుగు లేబుళ్ళు. పైన ఇంగ్లీషు, కింద తెలుగు. సైజు ఇద్దరికీ ఒకటే ఇస్తారు. ఇంగ్లీషుకి సరిపోయే పద్దెనిమిది పాయింట్లలో తెలుగు పెడితే ఒత్తులూ గుడులూ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అక్షరం పెంచాలి, లైన్ల మధ్య ఖాళీ ఇంకా పెంచాలి. అప్పుడు మాటలు తగ్గించుకోవాలి. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న ప్రెస్సులో యూనికోడ్ ఫైలు తెరిస్తే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. అందుకని పీడీఎఫ్ చేసి ఇచ్చినా, అచ్చు చూసేదాకా నాకు నమ్మకం ఉండదు. అట్ట మీద మెరిసే లామినేషన్ వేస్తే స్పాట్‌లైటు పడి ఏమీ కనిపించదు, మ్యాట్ వెయ్యాలి. ఇదంతా చేతిపని. అసలు గొడవ ఎవరి పేరు రాయాలన్న దగ్గరే.

జూడిత్ లైస్టర్ పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారిణి. ఆమె వేసిన చిత్రమొకటి ఫ్రాన్స్ హాల్స్ పేరు మీద అమ్ముడుపోయింది. 1893లో దాని మీద ఆమె గుర్తు, జె ఎల్ అక్షరాలూ ఒక నక్షత్రమూ, బయటపడేసరికి వ్యవహారం కోర్టుకెక్కి, చివరికి ధర తగ్గించుకుని రాజీ పడ్డారు. బొమ్మ అదే, పేరే మారింది. ఇంకొకటి చూడండి. 1800లో మరీ గియెమీన్ బెన్వా వేసిన నల్లజాతి స్త్రీ చిత్రానికి వేసినామె పేరుంది, కూర్చున్నామెకి జాతి పేరే పేరయింది. 2019లో పారిస్‌లోని ఓర్సే మ్యూజియం ఒక ప్రదర్శనలో దాన్ని ‘మదలీన్ చిత్రం’ అని రాసింది. రెండు వందల ఏళ్ళ తర్వాత! స్త్రీ వేసినంత మాత్రాన ఇంకో స్త్రీకి పేరు దక్కుతుందని అనుకోలేం.

రెండేళ్ళ క్రితం ఒక కలంకారీ ప్రదర్శనకి పనిచేశాను. శ్రీకాళహస్తి పద్ధతి వస్త్రాలు. లేబుల్లో మాస్టర్ ఆర్టిస్టు పేరు, కొలతలు, తర్వాత నూలుగుడ్డ, కరక్కాయ, గేదెపాలు, పటిక, మంజిష్ఠ. వాళ్ళింటికి వెళ్ళి చూశాను కదా, కరక్కాయ కలిపిన పాలల్లో గుడ్డ నానబెట్టి పిండేది ఆయన భార్య. రంగులు నింపేది కోడలు. ఒక్కో రంగు తర్వాత ఉతికి ఆరేసేది వాళ్ళిద్దరూ. గేదెపాలకి లేబుల్లో చోటుంది, ఆ పాలు పిండిన చేతులకి లేదు.

నిర్వాహకుడితో ఈ మాటంటే, “ఇది క్రాఫ్టు మేడమ్, అందరి చెయ్యీ ఉంటుంది” అన్నాడు. మరి ఆయనొక్కడూ ఆర్టిస్టెలా అయ్యాడని అడిగాను. అరవై మాటలకి మించకూడదన్నాడు. రామాయణ కథ చెప్పే రెండు వాక్యాలు కొట్టేశాను. సీతాపహరణం మనవాళ్ళకి తెలీనిదా!

పేర్లు అడగడానికి ఫోన్ చేస్తే పెద్దావిడ, “మా పేర్లెందుకులేమ్మా, ఆయనదుంటే చాలదా” అంది. కోడల్ని ఇంటిపేరు పుట్టింటిది రాయనా, అత్తింటిది రాయనా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఉత్త పేరు రాయండి మేడమ్” అంది.

తెలుగు లేబుళ్ళలో మూడు పేర్లూ వచ్చాయి. ఇంగ్లీషువి అప్పటికే అచ్చయిపోయాయని ‘ఆయన, కుటుంబసభ్యులు’ అనే ఉంచేశారు. ఒకే గోడ మీద, అంగుళం ఎడంలో రెండు రకాలుగా! నెలరోజులూ అలాగే ఉన్నాయి, ఎవరూ అడగలేదు.

ప్రదర్శన అయిపోయాక లేబుళ్ళు చెత్తలోకే పోతాయి. ఆఖరి రోజు వస్త్రాలు తీసుకెళ్ళడానికి వచ్చిన కోడలు తన పేరున్నది ఒకటి ఇవ్వమంది. పీకితే వెనక టేపుకి గోడ రంగు పెచ్చు కూడా ఊడొచ్చింది. న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చాను. దాని పైనున్న ఇంగ్లీషుది కూడా ఇవ్వబోతే వద్దంది.